గీత మీద నీలం

మా వీధిని నిలువునా చీలుస్తూ ప్రభుత్వం గీత గీస్తుంటే, పక్కన సున్నం బకెట్టు పట్టుకుని నిలబడింది మేమే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వెయ్యండి. కథ సగానికి వచ్చాక నవ్వు రాదు.

ఆ మధ్యాహ్నం జీపులోంచి ఒక అధికారి దిగాడు. వెనక కొలత గొలుసు మోసే కూలీలు, ఒక పెయింటరు. మాది అద్దకం వీధి. రెండు వైపులా ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ రేకుల పంచ, పంచలో గంగాళం, గంగాళం నిండా నీలం. నడుమ రాళ్ళు పరిచిన బాట ఏడాది పొడవునా తడిగానే ఉంటుంది. పెయింటరు వంగి గీత గీస్తాడు, మా గంగాళాల దగ్గర్నుంచి పారే నీళ్ళు దాన్ని కడిగేస్తాయి. మళ్ళీ గీస్తాడు, మళ్ళీ పోతుంది. అధికారికి ఒళ్ళు మండింది.

"గీత గియ్యడం చేతకాదు గానీ కూలికి మాత్రం ముందుంటావు!" అంటూ బకెట్టును కాలితో తన్నాడు.

సున్నం పెయింటరు మొహాన చిందింది. ఆ మనిషి కళ్ళు మూసుకుని గాలిలో చేతులు తడుముకుంటున్నాడు. పక్కారంగు తాత లేచి వెళ్ళాడు. మా వీధికంతటికీ పెద్ద ఆయన. ఆయన అద్దిన గుడ్డ చిరిగినా రంగు మాత్రం పోదని పేరు. తాత పెయింటరు కళ్ళు కడిగించి, నీడలో కూర్చోబెట్టాడు.

"ఆయన్నేం అనకండి బాబూ. వట్టి సున్నం తడి నేల మీద నిలవదు. దానికి పట్టు పెట్టాలి" అన్నాడు అధికారితో.

బంకా పటికా కలిపి కాచి, ఆ కషాయాన్ని సున్నంలో పోశాడు. ఇక చూడండి, గీత రాయిని కరుచుకుపోయింది. నీళ్ళు పోశాం, చీపురుతో రుద్దాం, చెక్కు చెదరలేదు. "మా తాత పట్టు పెడితే అంతే మరి" అని గంగాళం అత్త అధికారికి టీ కూడా ఇచ్చింది. వీధిలో అన్నిటికంటే పెద్ద గంగాళం ఆమెది, అన్నిటికంటే పెద్ద గొంతూ ఆమెదే. అందుకే ఆ పేరు.

మురుగు కాలవ కోసం కొలుస్తున్నారనుకున్నాం. కాలవ కావాలని అర్జీలు పెట్టీ పెట్టీ మా చెప్పులు అరిగిపోయాయి. చివరికి దేవుడు కరుణించాడని సంబరపడ్డాం. ఇది కాలవేనా అని అడగాలని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

మర్నాడు గోడల మీద నోటీసులు అంటించారు. గీతకు పడమటి ఇళ్ళు కొండ మీది బంగళాల నియోజకవర్గంలోకి, తూర్పు ఇళ్ళు కొత్త కాలనీల నియోజకవర్గంలోకి పోతాయట. సరిహద్దు సంఘం తేల్చిందట. చదివించుకుని విన్న గంగాళం అత్త నుదురు కొట్టుకుంది.

"వీడికా నేను టీ ఇచ్చింది! అందులో అల్లం కూడా వేసి చచ్చాను!"

నియోజకవర్గం గురించి మీ పుస్తకాల్లో ఏం రాశారో నాకు తెలియదు. మా తాతలు చెప్పింది చెబుతాను, వినండి. ముందు మిల్లు యజమాని వచ్చాడు. నదిలోంచి కాలువ తవ్వించి, దాని ఒడ్డున మిల్లు కట్టాడు. మిల్లుకు మూటలు మొయ్యడానికి హమాలీలు వచ్చారు, బెల్టులకు తోలు కావాలని తోళ్ళ పనివాళ్ళు వచ్చారు, గుడ్డకు రంగు కావాలని మేం వచ్చాం. రేవు పక్కన గుడిసెలు వేసుకున్నాం. అటు కాలువ, ఇటు రైలు పట్టాలు, ఆ చివర బజారు, ఈ చివర మిల్లు గోడ. ఆ నాలుగింటి మధ్య ఉన్నదే నియోజకవర్గమని యజమాని గారి వకీలే పటం గీశాడు. అప్పట్లో సొంత ఇల్లున్న వాడికే ఓటు. ఇళ్ళన్నీ యజమానివే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించేవాడూ ఆయనే, పంక్తి మొత్తం ఆయనే.

తర్వాత సమ్మె జరిగింది. మిల్లు గేటు దగ్గర కాల్పులు జరిగి మావాళ్ళు పోయారు. ఆ నెత్తురు ఆరకముందే అందరికీ ఓటు ఇచ్చామన్నారు. ఓటు ఇచ్చారు గానీ, ఓట్ల పెట్టె పక్కన మిల్లు మేస్త్రీని నిలబెట్టారు. ఎవరు ఎటు చూస్తున్నారో వాడు చూస్తుంటే యజమాని కొడుకు గెలిచాడు, ఆ తర్వాత అల్లుడు గెలిచాడు. మిల్లు మూతపడ్డాక గానీ ఆ మేస్త్రీల పీడ వదల్లేదు. అప్పుడు హమాలీలు, తోళ్ళవాళ్ళు, మేము, పని పోయిన మిల్లు ఆడవాళ్ళు అందరం కూర్చుని, తిట్టుకుని, మళ్ళీ కూర్చుని, మూటల అన్నను నిలబెట్టాం. వీపు మీద కాయ కాసిన హమాలీ ఆయన. గెలిపించాం.

మూటల అన్న అసెంబ్లీలో ఉద్ధరించింది పెద్దగా లేదు. అక్కడ వాళ్ళు ఆయన్ను మాట్లాడనిస్తేగా! ఒక్క పని మాత్రం చేశాడు. కాలువ ఒడ్డు కొనేసి మేడలు కట్టాలని ఒక కంట్రాక్టరు చూస్తున్నాడు. ఒడ్డంటే మా రేవు. అద్దిన గుడ్డను పారే నీళ్ళలో జాడించకపోతే రంగు దిగిపోతుంది. రేవు లేకపోతే అద్దకం లేదు, అద్దకం లేకపోతే మేం లేం. మూటల అన్న ఆ బేరానికి అడ్డంగా కూర్చుని లేవలేదు.

మమ్మల్ని ఓడించలేనని కంట్రాక్టరుకు అర్థమైంది. అందుకని నియోజకవర్గాన్నే కోయించాడు. హమాలీల వాడను కొండకు అంటగట్టారు. తోళ్ళ వాడను పట్టాల అవతలి విల్లాలకు కలిపారు. మా వీధిని నడిమికి చీరి చెరోవైపు విసిరారు. ఎక్కడ చూసినా మేం సముద్రంలో కాకిరెట్ట. రాబోయే ఎన్నికల్లో అన్ని చోట్లా కంట్రాక్టరు మనుషులే గెలుస్తారు, ఆ వెంటనే రేవు పోతుంది. ఇంత చిన్న లెక్కకు చదువు అక్కర్లేదు.

అభ్యంతరాలు చెప్పుకోవచ్చని పిలిచారు. వెళ్ళాం. పెద్ద హాలు, పైన పంకాలు, బల్ల వెనక అదే అధికారి. గంగాళం అత్త నోరు తెరిచింది.

"మాది ఒకటే వీధి సార్. ఒకటే పని. ఎలా కోస్తారు?"

"మీ ఇల్లు ఎటువైపు?"

"పడమర."

"ఇది తూర్పు నియోజకవర్గం వాళ్ళ విచారణ. మీకిక్కడ మాట్లాడే హక్కు లేదు."

"ఇంకా కొయ్యనే లేదు కదయ్యా! కోసేముందే ముక్కలకు వేరే వేరే గదులా?"

అధికారి ఆమె వైపు చూడను కూడా చూడలేదు. పక్కవాడికి నెమ్మదిగా చెప్పి రాయించాడు. "సరిహద్దు గుర్తింపులో స్థానికులు స్వచ్ఛందంగా సహకరించారు. గుర్తు చెరిగిపోకుండా సొంత సామగ్రి కూడా ఇచ్చారు. కనుక వారికి అభ్యంతరం లేనట్టే భావించడమైనది."

పక్కారంగు తాత ఆ మాట విని అక్కడే నేల మీద కూలబడ్డాడు. జాలిపడి చేసిన పనిని వాళ్ళు మా సంతకంగా మార్చుకున్నారు. నాకైతే ఆ బల్ల ఎత్తి వాడి నెత్తిన వెయ్యాలనిపించింది. పోలీసులు మా భుజాల మీద చేతులేసి బయటికి నెట్టారు. మెట్ల మీద అధికారి చివరిగా ఒక మాటన్నాడు. "వచ్చే సోమవారం సంఘం అధ్యక్షులు స్వయంగా వస్తారు. నేల మీద గీత చూసి సంతకం పెడితే అయిపోయినట్టే. అరిచి గొంతు పాడుచేసుకోకండి."

ఆ మధ్యలో కంట్రాక్టరు ఇంకో ఎత్తు వేశాడు. వీధికి తూర్పున మాత్రం ఇంటింటికీ మంచినీళ్ళ పైపు వేయించాడు. పడమటి ఇళ్ళకు చుక్క లేదు. మా అక్క ఇల్లు సరిగ్గా మా ఇంటికి ఎదురు, తూర్పున. బావ కొళాయి తిప్పి, నీళ్ళు పడుతుంటే చూసి మురిసిపోతున్నాడు.

"సిగ్గు లేదా బావా? వాడి నీళ్ళు నీ గొంతు ఎలా దిగుతున్నాయి?" అన్నాను నా గుమ్మంలోంచే.

"నీళ్ళకు సిగ్గేంటిరా? మీ అక్క బిందెలు మోసి మోసి నడుం విరగ్గొట్టుకుంది. నువ్వొచ్చి మోశావా?"

"రేవు పోతే ఆ కొళాయి కింద అద్దుకుంటావా?"

"నీకు రాలేదని ఏడుపు! అంతకంటే ఏం లేదు."

మాటకు మాట పెరిగింది. మా వైపు నుంచి గంగాళం అత్త "తూర్పోళ్ళు అమ్ముడుపోయారు" అని ఎత్తుకుంది. వాళ్ళ వైపు నుంచి తిట్లు వచ్చాయి. కంట్రాక్టరు గీయించిన గీత అప్పటిదాకా రాళ్ళ మీదే ఉంది. ఆ రోజు ఇళ్ళలోకి వచ్చింది.

మా పని సంగతి మీకు తెలియదు కదా, చెబుతాను. గంగాళంలోంచి తీసిన పొడవాటి గుడ్డను ఒక్కడు పిండలేడు. ఒక కొస నేను పడతాను, రెండో కొస వీధికి అవతలివాడు పడతాడు. ఎవరి కుడివైపుకు వాళ్ళు తిప్పితే నీళ్ళు దిగుతాయి. ఆ తర్వాత అలాగే సాగదీసి, ఇంటికీ ఇంటికీ మధ్య తాడు మీద ఆరేస్తాం. కొస పట్టినవాడితో పాత గొడవ ఎత్తకూడదని మా వీధిలో నియమం. గొడవపడుతూ తిప్పితే గుడ్డ మెలిపడి చిరుగుతుంది.

మర్నాడు పొద్దున్న ఎవరి కొస వాళ్ళే పట్టుకుని నిలబడ్డాం. అవతలివాడు రాలేదు. తడి గుడ్డ కుప్పలు కుప్పలుగా పడింది. నీలానికి గాలి సమంగా తగలాలి. కుప్పలో పడితే మచ్చలు పడతాయి. మధ్యాహ్నానికి వీధి వీధంతా బొల్లి పట్టినట్టున్న గుడ్డతో నిండిపోయింది. ఒక్కరం కూడా కదల్లేదు. అంత పౌరుషం మాకు!

చివరికి అక్క తన ఇంట్లోంచి విసవిసా నడిచి వచ్చింది. గీత తొక్కుకుంటూ వచ్చి నా గంగాళంలో చెయ్యి పెట్టి, గుడ్డ కొస లాక్కుని వెనక్కి వెళ్ళి మొగుడి మొహాన కొట్టినంత పని చేసింది.

"పట్టు."

"నేను పట్టను."

"కాపురం చేసినన్నాళ్ళూ నువ్వు చెప్పింది విన్నాను. ఇప్పుడు నేను చెప్పింది వినవయ్యా. పట్టు! పైపు ఉండనీ, తమ్ముడూ ఉండనీ. రెండు చేతులున్నాయి కదా నీకు?"

బావ పట్టాడు. నేను తిప్పాను. వాడి వైపు చూడకూడదనుకున్నాను గానీ, ఎదురెదురుగా నిలబడి తిప్పుతుంటే ఎక్కడ చూస్తాం? నీళ్ళు బొటబొటా గీత మీద కారాయి. కాసేపటికి వీధి పొడవునా కొసలు ఇటూ అటూ ఎగిరాయి.

సాయంత్రం రేవు మెట్ల మీద మీటింగు పెట్టాం. హమాలీలూ తోళ్ళవాళ్ళూ కూడా వచ్చారు. మూటల అన్న కోర్టుకు వెళదామన్నాడు. "కోర్టు తీర్పు వచ్చేసరికి ఈ మెట్ల మీద వాళ్ళ లిఫ్టు తిరుగుతుంటుంది" అంది అత్త. జీపు తగలబెడదామన్నాడొక తోళ్ళ కుర్రాడు. "తగలబెట్టు, వాళ్ళకు కావాల్సింది అదే" అన్నాడు మూటల అన్న. బావ తల దించుకుని, "కొళాయి పీకేస్తాను" అన్నాడు. అక్క కయ్యిమంది. "ఎందుకు పీకుతావు? అది వాడి అబ్బ సొమ్మా? మనం కట్టిన పన్నే కదా! పీకడం కాదు, పడమటి వాళ్ళకూ వెయ్యమని అడుగు." ఆ మాటకు రెండు వైపుల వాళ్ళూ చప్పట్లు కొట్టారు.

అప్పటిదాకా పలకని పక్కారంగు తాత గొంతు సవరించుకున్నాడు.

"గీత చూస్తేనే సంతకం అన్నాడు కదరా. ఆ గీత కడిగితే పోదు. పట్టు పెట్టింది నేను. గొడ్డలితో కొట్టినా రాయి పగులుతుంది గానీ అది పోదు. కానీ పట్టున్న చోట నీలం బాగా ఎక్కుతుంది."

"అంటే?" అన్నాడు మూటల అన్న.

"గీత ఒక్కటే అద్దితే నీలం గీత అవుతుంది. వీధంతా అద్దాలి."

అద్దకం తెలియని హమాలీలకు అర్థం కాలేదు, మాకు మాత్రం వెంటనే అర్థమైంది. నీలం గంగాళం పెరుగు కుండ లాంటిది. పాత గంగాళం అడుగు కొంచెం తీసి కొత్తదాంట్లో తోడు వేస్తేనే అది పండుతుంది. వీధిలో ప్రతి గంగాళం తోడూ తాత గంగాళం నుంచి వచ్చిందే. తాతది వాళ్ళ నాయనమ్మ నుంచి వచ్చింది. వీధంతా అద్దాలంటే అన్నీ అడుగంటా ఒంపెయ్యాలి. తోడు కూడా మిగలదు.

"నీ గంగాళం కూడానా తాతా?" అన్నాను.

"ముందు నాదే. గీతకు పట్టు పెట్టింది నేను కదా."

సోమవారం ఎండ చుర్రుమంటుండగా వచ్చారు. నల్ల కారులో అధ్యక్షుడు, వెనక అధికారి, పక్కన కంట్రాక్టరు, చుట్టూ పోలీసులు. మేం ఎవరి పంచలో వాళ్ళం పని చేసుకుంటున్నట్టు నిలబడ్డాం. అధ్యక్షుడు వీధి మొదట్లో ఆగి గీతను చూసి, "చక్కగా గీశారే" అన్నాడు. అధికారి పళ్ళికిలించాడు.

"కానివ్వండర్రా!" గంగాళం అత్త గొంతు రేవు దాకా వినిపించింది.

తాత తన గంగాళానికి భుజం ఆనించి ఒరిగించాడు. ఆ వెంటనే అత్తది, నాది, ఎదురుగా బావది. తూర్పూ పడమరా ఒక్కసారే పొర్లాయి. వీధిలో చీలమండల లోతున పసుపుపచ్చ నురగ పారింది. చీపుర్లతో గోడల దాకా నెట్టాం. పోలీసులు ఎగిరి గంతేశారు. అధ్యక్షుడి తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

కంట్రాక్టరు పకపకా నవ్వాడు. "కంగారు పడకండి సార్. మురికి నీళ్ళు, అంతే. ఆరితే గీత మళ్ళీ కనపడుతుంది."

వాడు పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. మా గుడ్డలు కట్టుకునే తిరిగాడు. గంగాళంలోంచి గుడ్డ పైకి లేచేటప్పుడు మాత్రం ఒక్కనాడూ చూసి ఎరగడు. నీలం గంగాళంలో పసుపుపచ్చగానే ఉంటుంది. గాలి తగిలితేనే తిరుగుతుంది.

తిరిగింది. ముందు గోడల వార, తర్వాత రాళ్ళ సందుల్లో, వాళ్ళు చూస్తుండగానే, అధ్యక్షుడి బూట్ల చుట్టూ, చివరికి గీత మీద. వీధి ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకే నీలం. ఎరుపు అయితే పాటలు కట్టేవాళ్ళకు బాగుండేదేమో, మా గంగాళాల్లో ఉన్నది నీలమే. అధికారి వంగి చేత్తో రుద్ది చూశాడు. చెయ్యి నీలమైంది. గీత కనపడలేదు.

"దేని మీద పెట్టమంటావయ్యా సంతకం?" అని అధ్యక్షుడు అధికారి మీద అరిచి కారెక్కాడు.

అప్పుడు లాఠీలు లేచాయి. మూటల అన్న తల పగిలింది, అక్క మోచెయ్యి వాచింది. "చేతికి నీలం అంటినవాళ్ళను పట్టుకోండి!" అని ఇనస్పెక్టరు గర్జించాడు. ఒక కానిస్టేబులు బిక్కమొహం వేశాడు.

"సార్, అందరివీ నీలమే సార్."

"పుట్టిందగ్గర్నుంచీ ఇంతే నాయనా. మా అమ్మ పాడె మీద పడుకున్నప్పుడూ ఇంతే" అంది అత్త, రెండు చేతులూ చాపి.

తాత ముందుకు వచ్చాడు. "గీత పోకుండా చేసిందీ నేనే, పోగొట్టిందీ నేనే. పదండి."

ఆయన్ను వ్యాను ఎక్కించారు. మేం వ్యానుకు అడ్డం పడుకున్నాం, ఈడ్చి పారేశారు. తలుపు మూసేముందు తాత తల బయటపెట్టి ఒకటే మాట చెప్పాడు.

"గుడ్డ కుప్పలో ఉంచకండి. మచ్చలు పడతాయి."

తాత జైల్లోనే ఉన్నాడు. ప్రభుత్వ గుర్తును ధ్వంసం చేశాడని కేసు. బెయిలు ఇవ్వరు. రోజూ జైలు గేటు దగ్గర కూర్చుంటున్నాం, హమాలీలొక పూట, తోళ్ళవాళ్ళొక పూట, మిల్లు ఆడవాళ్ళొక పూట. పటం మీద ఎన్ని ముక్కలు చేసినా గేటు దగ్గర వాటాలు మేమే వేసుకున్నాం.

గంగాళాలు ఖాళీ అయ్యాయి కదా, ఇక మా పని అయిపోయిందని కంట్రాక్టరు అనుకున్నాడు. నిజానికి మేమూ అలాగే అనుకున్నాం. అరెస్టు అయిన మర్నాడు బావ చిన్న కుండ ఒకటి తెచ్చి వీధి నడుమ పెట్టాడు. మూత తీస్తే తాత గంగాళం అడుగు. "ఒంపేముందు తీసి దాచాను. అడిగితే తాత వద్దంటాడని చెప్పలేదు" అన్నాడు. నేను వాడిని కౌగిలించుకుని ఏడ్చాను. అమ్ముడుపోయాడన్న నోటితోనే బావా బావా అని ఏడ్చాను. ఆ తోడే ఇంటింటికీ పంచుకున్నాం.

నిన్న మళ్ళీ జీపు వచ్చింది. అధికారి, పోలీసులు, గీత మళ్ళీ గీయడానికి అదే పెయింటరు. పెయింటరు బకెట్టు దించి కుంచె ముంచాడు. సున్నం పడ్డ చోటల్లా తడి నీలంలో కలిసి మాసిపోతోంది. "పట్టు ఏదిరా? ఆ రోజు వీళ్ళిచ్చిన పట్టు ఏది?" అని అధికారి మావైపు చూశాడు. పెయింటరు తాత ఇంటి వైపు చూశాడు. తలుపుకు తాళం ఉంది.

అప్పుడే అక్క గంగాళంలోంచి గుడ్డ ఎత్తింది. బావ జైలు గేటు దగ్గర ఉన్నాడు, అడ్డం వెళ్ళబోయిన నన్ను పోలీసులు గోడకు ఆనించి పట్టుకున్నారు. రెండో కొస నేల మీద పడబోయింది. పెయింటరు కుంచెను బకెట్టులో పడేసి, చేతులు చొక్కాకు తుడుచుకుని, పరుగున వెళ్ళి ఆ కొస అందుకున్నాడు.

"ఏయ్! నీ పని అది కాదు!" అన్నాడు అధికారి.

పెయింటరు వినిపించుకోలేదు. వాచిన మోచేత్తోనే అక్క తిప్పింది. వాడు ఎడమవైపుకు తిప్పాడు.

"అటు కాదయ్యా, ఇటు! నీ కుడివైపుకు!" అని రెండు వైపుల గుమ్మాల్లోంచీ వీధంతా ఒక్క గొంతుతో అరిచింది. పోలీసుల చేతుల్లో ఉన్న నేనూ అరిచాను.

వాడు కుడివైపుకు తిప్పాడు. నీళ్ళు ధారగా కారి, గీసిన సున్నాన్ని కడిగేసి బకెట్టులోకీ దూకాయి.